బూడిద కింద ఎవరు, బూడిద పైన ఎవరు?

(వాతావరణం మనిషిని ఎలా మార్చింది, ఎలా నడిపింది అన్న విషయం మీద నంద్యాలలో ఒక శనివారం సాయంత్రం ఒక మాస్టారు చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు అడిగితే రికార్డింగ్ విని టైపు చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది ఆయన మాటే.)

అందరికీ నమస్కారం. వెనక వరసకు వినబడుతోందా? ఫ్యాన్లు మోత పెడుతున్నాయి, కానీ ఈ ఎండల్లో వాటిని ఆపమని అడిగే ధైర్యం నాకు లేదు. గొంతే కొంచెం పెంచుతా.

ముందు ఈ సీసా చూడండి. అమ్మా, ముందు వరసలో మీరే, తీసుకోండి. చూసి పక్కవాళ్లకు ఇవ్వండి. మూత తీసి చిటికెడు పొడి వేళ్ల మధ్య నలిపి చూడొచ్చు. కంట్లో మాత్రం పడనివ్వకండి. ఎలా ఉంది? ముగ్గుపిండిలా ఉంది కదా? ముగ్గుపిండి కన్నా మెత్తగా ఉంటుంది, కానీ గరగరలాడుతుంది. ఎందుకంటే అది గాజు. మైక్రోస్కోపు కింద పెడితే పగిలిన బుడగల పెంకుల్లా వంకర వంకర ముక్కలు కనబడతాయి.

ఎక్కడిదో చెప్పగలరా? దూరం నుంచి తేలేదు. మన బనగానపల్లె దగ్గర, యాగంటికి దగ్గర్లో, జుర్రేరు లోయలో జ్వాలాపురం అనే ఊరుంది. అక్కడిది. అక్కడి పొలాల్లో ఈ పొడిని తవ్వి, గిన్నెలు తోమే పొడుల తయారీకి అమ్మేవాళ్లు. గాజు కదా, జిడ్డు బాగా గీరుతుంది. అంటే మీ ఇళ్లలో ఎవరో ఒక అమ్మమ్మ ఈ పొడితో పులుసు గిన్నె తోమే ఉంటుంది. ఆమె తోమింది దేంతోనో తెలుసా? సుమత్రా దీవి నుంచి గాల్లో ఎగిరొచ్చిన అగ్నిపర్వతం బూడిదతో.

ఇప్పటికి సుమారు 74 వేల ఏళ్ల కిందట సుమత్రాలో తోబా అనే అగ్నిపర్వతం పేలింది. 2,800 ఘనపు కిలోమీటర్ల సరుకు బయటికొచ్చిందని ఒక లెక్క. ఘనపు కిలోమీటరు అంటే ఊహకు అందదు. మనకు టీఎంసీలు తెలుసు కదా, అందులో చెబుతా. శ్రీశైలం నిండితే 215 టీఎంసీలు. అది సుమారు 6 ఘనపు కిలోమీటర్లు. అలాంటి శ్రీశైలాలు 450కి పైగా పెట్టి చూసుకోండి, నీళ్లకు బదులు రాయి, బూడిద. ఆ పేలిన గుంటలో ఇప్పుడు 100 కిలోమీటర్ల పొడవు, 30 కిలోమీటర్ల వెడల్పున ఒక సరస్సు ఉంది. అక్కడి నుంచి మనకు రెండున్నర వేల కిలోమీటర్ల పైనే. అంత దూరం వచ్చి మన పైన రాలింది. నేరుగా ఆకాశం నుంచి పడింది కొద్ది సెంటీమీటర్లే. తర్వాత వానలు గుట్టల మీది బూడిదనంతా కడిగి లోయలోకి తోశాయి. అందుకే కొన్నిచోట్ల మనిషి నిలువు దాటిన మేట ఉంది.

ఊరి పేరు జ్వాలాపురం కదా, అందుకే ఆ పేరు వచ్చిందా అని పోయినసారి ఒక అబ్బాయి అడిగాడు. నాయనా, 74 వేల ఏళ్లు ఒక పేరు గుర్తుపెట్టుకునే ఓపిక ఏ ఊరికీ ఉండదు. అది వేరే జ్వాల. ఈ మాట వాట్సాప్‌లో పెట్టకండి దయచేసి.

సరే, నాకు కావాల్సింది బూడిద కాదు. బూడిద కింద ఏముంది, పైన ఏముంది అన్నది. 2007లో పురావస్తు శాస్త్రవేత్తలు మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రవి కోరిశెట్టర్, వాళ్ల బృందం ఒక సంగతి బయటపెట్టారు. బూడిద కింద మనుషులు చెక్కిన రాతి పనిముట్లు ఉన్నాయి. బూడిద పైనా ఉన్నాయి. అంత ఉపద్రవం వచ్చినా ఈ లోయలో మనిషి ఉన్నాడు. ఉన్నాడా? లేక చచ్చిపోయి, తర్వాత ఇంకొకడు వచ్చాడా? ఈ ప్రశ్నను ఇక్కడే ఆపుతా. దీని దగ్గరికి రావాలంటే మనం చాలా వెనక్కి వెళ్లాలి, ఆఫ్రికాకు వెళ్లాలి.

వాతావరణం మనిషిని ఎలా మార్చిందని ఎవరినైనా అడగండి, ఒకే కథ చెబుతారు. ఆఫ్రికాలో వానలు తగ్గాయి, అడవి పలచబడింది, గడ్డి మైదానం వచ్చింది, చెట్ల మీద ఉన్నవాడు దిగాడు, గడ్డి పైనుంచి చూడడానికి లేచి నిలబడ్డాడు, చేతులు ఖాళీ అయ్యాయి, రాయి పట్టాడు. బాగుంది కదా కథ? నేనూ ఇదే చెప్పా. ఇరవై ఏళ్లు పిల్లలకు ఇదే చెప్పా, పరీక్షలో రాస్తే మార్కులు కూడా వేశా. 1925లో రేమండ్ డార్ట్ అనే శాస్త్రవేత్త దక్షిణాఫ్రికాలో టాంగ్ అనే చోట దొరికిన, మనిషికి చాలా పాత చుట్టమైన ఒక పిల్లవాడి పుర్రె గురించి రాసినప్పటి నుంచి ఈ కథ ఏదో ఒక రూపంలో నడుస్తోంది.

ఈ కథకు దెబ్బ ఎక్కడ తగిలిందంటే ఇథియోపియాలో. అరామిస్ అనే చోట ఆర్డిపిథికస్ అనే, మనిషికి చాలా పాత చుట్టమైన జీవి ఎముకలు దొరికాయి. 44 లక్షల ఏళ్ల నాటిది. దాని పూర్తి వివరాలు 2009లో వచ్చాయి. నేల మీద రెండు కాళ్లతో నడవగలదు, కానీ కాలి బొటనవేలు ఇంకా కొమ్మ పట్టుకునేలా పక్కకు తిరిగి ఉంది. సరే, అది ఎక్కడ బతికింది? గడ్డి మైదానంలోనా? చుట్టూ దొరికినవి చెట్ల మధ్య బతికే కోతులు, జింకల ఎముకలు. అంటే చెట్లు ఉండగానే నడక మొదలైంది. అడవి పోయాక నిలబడ్డాడన్న కథలో కారణం ముందా, ఫలితం ముందా? తారుమారైంది.

అట్లని గడ్డికి అసలు సంబంధం లేదా? ఉంది. కాకపోతే మనం అనుకున్నంత సూటిగా లేదు. ఇక్కడ నాకు చాలా ఇష్టమైన ఒక సంగతి చెప్పాలి, రెండు నిమిషాలు ఇవ్వండి. మన జొన్న, సజ్జ, కొర్ర, మొక్కజొన్న, చెరకు, ఇవన్నీ గాలిలోని కార్బన్‌ను ఒక తీరుగా పట్టుకుంటాయి. వరి, గోధుమ, చెట్లన్నీ ఇంకో తీరు. మొదటి రకంలో బరువైన కార్బన్ కాస్త ఎక్కువ చేరుతుంది. అది తిన్నవాడి పళ్లలోకి, ఎముకల్లోకి వెళుతుంది. జీవితమంతా జొన్నరొట్టె తిన్న మన ముత్తాత పన్ను, వరన్నమే తిన్న కోనసీమ ముత్తాత పన్ను యంత్రంలో పెడితే ఎవరిది ఏదో చెప్పేయొచ్చు. ఆఫ్రికా గడ్డి కూడా ఈ జొన్న రకమే. ఆర్డిపిథికస్ పళ్లు చూస్తే ఎక్కువగా చెట్ల తిండే. సుమారు 35 లక్షల ఏళ్ల కిందటికి వచ్చేసరికి, అంటే ఇథియోపియాలో ఎముకలు దొరికిన, రెండు కాళ్ల మీద నడిచిన లూసీ అనే పాత ఆడమనిషి జాతి కాలానికి, పళ్లలో ఈ గడ్డి రకం తిండి గుర్తు కనబడడం మొదలైంది. గడ్డి గింజలు, దుంపలు, లేదా గడ్డి తినే జంతువుల మాంసం, ఏదో ఒకటి. అప్పటికే నడక వచ్చి చాలా కాలమైంది. గడ్డి నడక నేర్పలేదు. నడిచేవాడికి కొత్త కంచం పెట్టింది.

అయితే వాతావరణం చేసిందేమిటి? నా లెక్కలో అది మనిషిని ఒక దిక్కుకు తోయలేదు. ఊపింది. అటూ ఇటూ ఊపింది. ఆ ఊపు ఎక్కడిదో చెప్పడానికి మన సంక్రాంతి చాలు.

సంక్రాంతి ఎప్పుడు? జనవరి 14, 15. ఆ రోజు ఉత్తరాయణం మొదలని పంచాంగం. మరి సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లేది ఎప్పుడు? డిసెంబరు 21, 22. మధ్యలో 23, 24 రోజులు ఎక్కడికి పోయాయి? ఎవరైనా ఆలోచించారా? సుమారు 1,700 ఏళ్ల కిందట రెండూ ఒకే రోజు వచ్చేవి. 72 ఏళ్లకు ఒక రోజు చొప్పున జరుగుతూ వచ్చింది. జ్యోతిషం చూసేవాళ్లు అయనాంశ అంటారే, అదే ఇది. బొంగరం వేగం తగ్గినప్పుడు తల తిప్పుతూ తూగుతుంది చూడండి, భూమి అట్లా తూగుతోంది. ఒక చుట్టు తూగడానికి 26 వేల ఏళ్లు. దానికి తోడు భూమి తిరిగే కక్ష్య కూడా మెల్లగా తిరుగుతుంది కాబట్టి, వానల మీద దీని ప్రభావం 19 నుంచి 23 వేల ఏళ్లకు ఒకసారి తిరిగొస్తుంది. దీన్ని లెక్కలు కట్టి మంచు యుగాలకు ముడిపెట్టినవాడు సెర్బియా శాస్త్రవేత్త మిలంకోవిచ్.

ఇప్పుడు భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా వచ్చేది జనవరి మొదటి వారంలో. మనకు చలికాలం. ఒక 11 వేల ఏళ్ల కిందట? మన ఎండాకాలంలో దగ్గరగా వచ్చేది. ఎండ కొద్ది శాతమే ఎక్కువ, కానీ ఆ కొద్దికే నేల ఎక్కువ కాగి, సముద్రం మీది తేమగాలిని గట్టిగా లాగింది. రుతుపవనాలు ఆఫ్రికాలో చాలా లోపలికి, ఉత్తరానికి వెళ్లాయి. ఫలితం? సహారా పచ్చబడింది.

సహారా. ఒంటెలు, ఇసుక తప్ప ఏమీ లేని సహారా. అల్జీరియాలో తస్సిలి అనే కొండప్రాంతంలో రాళ్ల మీద పశువుల మందలు, జిరాఫీలు గీసి ఉన్నాయి. ఈజిప్టు ఎడారి మూలన ఒక గుహలో ఈత కొడుతున్నట్టున్న మనుషుల బొమ్మలు ఉన్నాయి. ఇప్పుడు చాద్ సరస్సు ఉంది చూశారా, ఎండిపోతోందని వార్తల్లో వస్తుంటుంది. అప్పుడు దాని విస్తీర్ణం సుమారు మూడున్నర లక్షల చదరపు కిలోమీటర్లు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే 2 లక్షల 75 వేలు. రెండు రాష్ట్రాలూ మునిగిపోయి ఇంకా మిగిలేంత సరస్సు! సుమారు 5 వేల ఏళ్ల కిందటికల్లా ఈ పచ్చదనం పోయింది. అంతకుముందు ఇలా వచ్చిపోయింది ఒకసారా? గత 80 లక్షల ఏళ్లలో 200 సార్లకు పైగానే అని లెక్క.

ఎట్లా తెలుసు? బురద చెబుతుంది. మధ్యధరా సముద్రం అడుగు నుంచి గొట్టంతో బురద తీస్తే నల్ల చారలు వస్తాయి. నైలు నది పొంగి మంచినీళ్లు ఎక్కువగా వచ్చిన ప్రతిసారీ అడుగున గాలి ఆడక ఒక నల్ల చార ఏర్పడింది. పశ్చిమాన అట్లాంటిక్ అడుగున సహారా దుమ్ము పొరలున్నాయి. సహారా పచ్చగా ఉంటే దుమ్ము తక్కువ, ఎండితే ఎక్కువ. పీటర్ డిమెనోకల్ లాంటివాళ్లు ఏళ్ల తరబడి చేసిన పని ఈ దుమ్ము లెక్కపెట్టడమే. మా ఇంట్లో ఆ పని రోజూ చేస్తారు, ఎవరూ పేపర్ అచ్చేయరు.

కమ్మరి కొలిమి తిత్తి చూశారు కదా? పెద్దవాళ్లు చూసే ఉంటారు. తెరిస్తే గాలి లోపలికి పీల్చుకుంటుంది, నొక్కితే బయటికి ఊదుతుంది. సహారా అట్లాంటి తిత్తి. పచ్చబడినప్పుడు దక్షిణం నుంచి జంతువుల్ని, వెనకే మనుషుల్ని లోపలికి పీల్చింది. ఎండినప్పుడు ఉన్నవాళ్లను అంచులకు ఊదింది. కొందరు నైలు వైపు, కొందరు సముద్రం ఒడ్డుకు, కొందరు వచ్చిన దారిన వెనక్కి. అరేబియా కూడా అంతే. సౌదీ నెఫూద్ ఎడారిలో 1 లక్ష 20 వేల ఏళ్ల నాటివిగా లెక్కగట్టిన అడుగుజాడలు ఒక పాత చెరువు బురదలో దొరికాయి. మనిషి పాదాలు, పక్కన ఏనుగు పాదాలు. ఏనుగుకు రోజుకు ఎంత మేత, ఎన్ని నీళ్లు కావాలి? ఏనుగు ఉందంటే అది ఎడారి కాదు. అదే ఎడారిలో ఇంకోచోట సుమారు 85 వేల ఏళ్ల నాటి మనిషి వేలి ఎముక దొరికింది. ఒక్క వేలు. సౌదీలో ఇప్పుడు మన వేళ్లు ఎన్ని పనిచేస్తున్నాయో అది వేరే సంగతి.

ఇక్కడ వలస అన్న మాట గురించి ఒకటి చెప్పాలి. మన జిల్లాల వాళ్లకు వలస అంటే ఏం గుర్తొస్తుంది? సుగ్గి. వాన పడకపోతే కోసిగి, ఆదోని వైపు నుంచి మూటాముల్లె కట్టుకుని గుంటూరు మిరప కోతలకు పోవడం. ఇంటికి తాళం, ముసలివాళ్లు ఊళ్లో. వలస అంటే కరువు తరిమితే పోయేదని మన మనసులో పడిపోయింది. అందుకని ఆఫ్రికా నుంచి మనిషి బయటికొచ్చాడంటే, కరువొచ్చి వచ్చాడనుకుంటాం. ఆలోచించండి. బస్సు లేదు, మేస్త్రీ లేడు, అవతల మిరప తోట ఉందని చెప్పేవాడు లేడు. కరువులో ఎడారి దాటగలడా? చస్తాడు. వాళ్లను నడిపింది ఎక్కువసార్లు పచ్చిక. జింక వెనక జింక, నీటిగుంట తర్వాత నీటిగుంట. ఎవరూ ఇండియాకు బయలుదేరలేదు. ఒక తరం పది కిలోమీటర్లు అవతల గుడిసె వేసుకుంటే చాలు, 500 తరాలకు 5 వేల కిలోమీటర్లు. తరానికి 25 ఏళ్లు వేసుకోండి, పన్నెండున్నర వేల ఏళ్లు. నడిచినట్టు నడిచినవాడికే తెలియదు.

ఇంత చెప్పాక నా కథలో గండి కూడా నేనే చూపిస్తా, లేకపోతే ప్రశ్నల సమయంలో మీరు చూపిస్తారు. ఈ రోజు ఆఫ్రికా బయట ఉన్న మనందరి జన్యువుల్లో ఎక్కువ భాగం 50 నుంచి 70 వేల ఏళ్ల మధ్య బయటికొచ్చినవాళ్లవి. ఆ సమయంలో ఆఫ్రికా కొమ్ము ప్రాంతం, అంటే ఇథియోపియా, సోమాలియా వైపు, పచ్చగా ఉందా? జెస్సికా టియర్నీ, డిమెనోకల్ 2017లో ఏడెన్ సింధుశాఖ బురద చూసి చెప్పింది ఏమంటే, అప్పుడు పొడిగా ఉంది. అంటే చివరికి నిలబడ్డ వలస ఎండు కాలంలో జరిగినట్టుంది! ఏం చేయాలి ఇప్పుడు? పొడి కాలంలో సముద్రం కిందికి దిగింది, ఎర్ర సముద్రం కొసన బాబ్-ఎల్-మందేబ్ జలసంధి ఇరుకైంది. ఇప్పుడే అది 30 కిలోమీటర్లకు లోపు. తీరం పట్టుకుని, నత్తలు, గవ్వలు, చేపలు తింటూ దాటారని కొందరంటారు. నాకు తోచేది ఇంకోటి. అప్పటికి మనిషి మారిపోయాడు. తలుపు తెరిచి ఉంటేనే దాటే దశ పోయి, మూసుకున్నా సందు వెతికే దశ వచ్చింది.

ఆ మార్పు ఎట్లా వచ్చిందో చూడాలంటే కెన్యాలో ఒలొర్గెసైలీ. అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ శాస్త్రవేత్త రిక్ పాట్స్ అక్కడ దశాబ్దాలు తవ్వాడు. అక్కడ చేతిగొడ్డలి అనే పెద్ద రాతి పనిముట్టును మనుషులు లక్షల ఏళ్లు, దాదాపు మార్పు లేకుండా, చెక్కుతూ వచ్చారు. లక్షల ఏళ్లు ఒకటే మోడల్! రాయి కూడా దగ్గర్లోదే, నాలుగడుగుల్లో దొరికేది. తర్వాత నేలలో పెద్ద ఖాళీ. ఆ పైన 3 లక్షల 20 వేల ఏళ్ల నాటి పొరలో చూస్తే లోకమే మారింది. చిన్న, పదునైన పనిముట్లు. కర్రకు బిగించే మొనలు. రంగు కోసం వాడే రాళ్లు. నల్లగాజు రాయి పాతిక, యాభై కిలోమీటర్ల అవతల నుంచి వచ్చింది, కొన్ని ఇంకా దూరం నుంచి. మధ్యలో ఏమైంది? నేల బీటలువారింది, సరస్సులు వచ్చాయి, పోయాయి, తడి, పొడి మారిమారి కొట్టాయి. పెద్ద గడ్డి జంతువులు పోయి వాటి స్థానంలో చిన్నవి వచ్చాయి. అంత దూరం రాయి ఎట్లా వస్తుంది? నడిచి తెచ్చుకున్నాడా? నా అనుమానం, అవతలి గుంపులో తెలిసినవాడు ఉన్నాడు. ఇవాళ నీ దగ్గర వాన, రేపు నా దగ్గర. మనవైపు వియ్యాన్ని నీళ్లున్న ఊళ్లో వెతుకుతారే, అట్లా. పాట్స్ వాదన కూడా ఈ ఊపు గురించే: ఎండకు తయారైనవాడు, వానకు తయారైనవాడు మిగల్లేదు, దేనికైనా సర్దుకునేవాడు మిగిలాడు. అందరూ దీన్ని ఒప్పుకోరు. ఒక లోయను చూసి ఖండమంతటికీ చెప్పకూడదంటారు. న్యాయమైన మాటే.

ఇప్పుడు మన బూడిద దగ్గరికి వద్దాం. సీసా ఎక్కడిదాకా వచ్చింది? మూడో వరసా? కానివ్వండి.

1998లో స్టాన్లీ ఆంబ్రోస్ అనే శాస్త్రవేత్త ఒక మాటన్నాడు. తోబా పొగ సూర్యుణ్ణి కప్పేసింది, ఏళ్ల తరబడి చలి, మనుషులు కొద్ది వేలమందికి తగ్గిపోయారు, మనమంతా ఆ మిగిలినవాళ్ల సంతానం. వింటే ఒళ్లు జలదరిస్తుంది. టీవీ వాళ్లకు ఇంతకన్నా ఏం కావాలి? కానీ 2013లో ఆఫ్రికాలోని మలావీ సరస్సు బురదలో తోబా గాజు రేణువులు దొరికాయి. వాటి పైనా కిందా చూస్తే పెద్ద చలి వచ్చిన గుర్తే లేదు. దక్షిణాఫ్రికా తీరంలో పినాకిల్ పాయింట్ దగ్గర అవే రేణువులు, మనుషులు మాత్రం నిక్షేపంగా ఉన్నారు. మధ్యప్రదేశ్ సోన్ లోయలో ఢాబా అనే చోట 80 వేల ఏళ్ల నుంచి 65 వేల ఏళ్ల దాకా పనిముట్ల వరస తెగలేదని 2020లో వచ్చింది. మన జ్వాలాపురంలో బూడిద కింద పొర తేదీ సుమారు 77 వేలు, పైది సుమారు 74 వేలు, అటూ ఇటూ కొన్ని వేల తేడాతో. పనిముట్ల తీరులో పెద్ద తేడా లేదు. చెక్కేవాడి చెయ్యి మారినట్టు లేదు.

మరి వాళ్లు ఎవరు? ఇదే మెలిక. మన జన్యువులన్నీ 70 వేల ఏళ్ల లోపు వలసవే అయితే, 77 వేల ఏళ్ల కిందట జుర్రేరు ఒడ్డున కూర్చుని రాయి చెక్కినవాడు మన తాత కాకపోవచ్చు. ఆఫ్రికా నుంచి ముందే వచ్చిన మనిషే అని పెట్రాగ్లియా వాళ్లంటారు, పనిముట్లు అక్కడి వాటిలాగే ఉన్నాయి కాబట్టి. పాల్ మెల్లర్స్ లాంటి పురావస్తు శాస్త్రవేత్తలు కాదన్నారు, ఆధునిక మానవుడు ఇక్కడికి వచ్చింది తర్వాతే, కింద ఉన్నది వేరే పాత జాతి అని. తేల్చాలంటే ఏం కావాలి? ఒక పన్ను. ఒక దవడ. ఆ పొరల్లో రాళ్లు వందలకొద్దీ ఉన్నాయి, మనిషి ఎముక ఒక్కటీ దొరకలేదు. బేలం గుహల నుంచి బిల్లసర్గం దాకా ఇన్ని గుహలున్న జిల్లా మనది. బిల్లసర్గంలో రాబర్ట్ బ్రూస్ ఫూట్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1880లలోనే తవ్వించాడు. అయినా అంత పాత మనిషి ఇంతవరకు మనకు ఎదురుపడలేదు.

నేను ఆ తవ్వుడు గుంట మొదటిసారి చూసినప్పుడు ఒక రైతు గట్టు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఇదంతా ఏంది సార్ అన్నాడు. చెప్పా. సముద్రం అవతల కొండ పేలింది పెద్దాయనా, ఆ బూడిద ఇది అని. ఆయన చాలాసేపు చూసి, "అయితే ఆ ఏడు పంట పోయింటుంది" అన్నాడు. అప్పటికి పంట అనేదే లేదు, ఇంకో 60 వేల ఏళ్లు పోవాలి. కానీ ఆయన అడిగింది సరైన ప్రశ్నే. బూడిద పడిన ఆ సంవత్సరం గడ్డి ఏమైంది, వాగు నీళ్లు ఎన్నాళ్లకు తేటపడ్డాయి, జింకలు ఎటు పోయాయి? మెత్తటి బూడిద మీద వాన పడితే బురద కొట్టుకొస్తుంది, లోయలో నీటి మడుగులు మూసుకుపోతాయి. వాళ్లు కొన్నాళ్లు గుట్టల మీదికి పోయి ఉంటారు. నీళ్లు తేటపడ్డాక దిగి ఉంటారు. లేదా ఆనుకుని ఉన్న లోయలో చుట్టాలు ఉండి ఉంటారు.

ఇంకొక్క మాట చెప్పి ప్రశ్నలకు వెళదాం. ఆ పొరలు చూడాలనుకునేవాళ్లు వానలు మొదలయ్యేలోపు రండి, పదిమంది అయితే బండి మాట్లాడదాం. పొలం గలవాళ్లను అడగకుండా దిగొద్దు, రాళ్లు ఏరుకుని జేబులో వేసుకోవద్దు. రాయి దొరికిన చోటు తెలియకపోతే అది ఉత్త రాయే. ఆ, సీసా ఎవరి దగ్గరుంది? చివరి వరసలో బాబూ, మూత గట్టిగా పెట్టి ఇవ్వు. సగం ఖాళీ అయినట్టుందే!